మాట వాళ్లది, బంద్ మనకు

వదినా, బట్టలు ఆరేసుడు అయిపోయిందా? జర ఇటు రా. నిన్న నీ కొడుకు చూపిచ్చిన వీడియో రాత్రంతా మనసుల మెదులుతనే ఉన్నది. గంత పేరున్న మనిషి, లక్షల మంది చూసేటాయన, ఒక మతపోళ్లందరినీ పట్టుకొని గట్ల అనొచ్చునా? "ఉన్నదున్నట్టు చెప్పిండు, తప్పేంది అత్తా" అన్నడు పిలగాడు. నాకు పాణం చివుక్కుమన్నది.

2022 ఆగస్టు యాదికున్నదా? గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ 22న ప్రవక్త మీద మాట్లాడి యూట్యూబ్‌ల పెట్టిండు. అప్పటికి రెండేండ్ల కిందనే ఫేస్‌బుక్ ఆయన్ను తీసేసింది. ఏమాగింది? యూట్యూబోళ్లు వీడియో తీసినా, అప్పటికే అది ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. చార్మినార్, శాలిబండ, మన మొఘల్‌పుర అంతా లొల్లి. 23న అరెస్టు చేసిన్రు, ఆ రోజే కోర్టు వదిలింది. 25న పీడీ యాక్టు పెట్టి చర్లపల్లి జైలుకు తోలిన్రు. నవంబర్ 9న హైకోర్టు దాన్ని కొట్టేసింది, రెచ్చగొట్టే మాటలు మాట్లాడొద్దని షరతు పెట్టి. మళ్ల 2023ల గెలిచిండు కూడా.

మరి మన ఎన్కింటి ఖాలా కొడుకు? అప్పుడే సీతాఫలాల బండి పెట్టిండు. పొద్దుగూకకముందే షట్టర్లు దించుమంటున్రు, బేరం ఏడుంటది? గంపల పండ్లు మెత్తవడి, నోర్లు తెరిచి, రసం కారి గడప దాక చీమలు. ఖాలా ఒక్కొక్కటి ఏరుతుంటే నేనూ పోయి కూసున్న. ఒక్క మాట అనలే ఆమె. ఆ పండ్ల పైసలు ఎవలిచ్చిన్రు వదినా?

ఒక్క పక్క మాటే చెప్తలేను. 2012 డిసెంబర్ల నిర్మల్ల మజ్లిస్ ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ మాట్లాడింది గూడ గట్లనే ఫోన్లల్ల తిరిగింది. జైలుకు పోయిండు, 2022 ఏప్రిల్ల కోర్టు కేసు కొట్టేసింది. కేసు పోయినా ఆ వీడియో ఇప్పటికీ ఎవలో ఒకలు బయటికి తీస్తనే ఉన్నరు.

మనకైతే నొప్పి తెల్వదా? 2024 నవంబర్ల నటి కస్తూరి చెన్నైల తెలుగోళ్ల పుట్టుక మీద మాటన్నది. ఎంత మండింది మనకు! తర్వాత మాట ఎన్కకు తీసుకున్నది, అయినా కేసైంది, మన హైదరాబాద్‌ల పట్టుకపోయిన్రు. ఆ దినం మన కడుపుల రగిలిందే ఖాలా కడుపుల గూడ రగులుతది.

నిక్కచ్చిగ మాట్లాడుడు నాకూ ఇష్టమే. అదే ఏడు జులైల హీరో సాయిధరమ్ తేజ్ ఏం జేసిండు? ఒక తండ్రీబిడ్డల వీడియో మీద పాడుమాటలు పేలిన యూట్యూబర్ ముచ్చట బయటపెట్టిండు. ఎవడు, ఏం జేసిండు, సూటిగ చెప్పిండు. పోలీసులు వాన్ని పట్టుకున్నరు. చేసినోన్ని అడిగిండు గాని, వాని కులాన్నో మతాన్నో తిట్టలే.

పెద్దోళ్లకు వకీళ్లుంటరు, బెయిలుంటది. మనకు ఈ గల్లీ ఉన్నది. నీ కొడుకుకు చెప్పు వదినా, ఆ వీడియో ఎవలకూ పంపొద్దని. పంపి ఉంటే ఇప్పుడే తీసేయమను.