పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే బాతులు

స్కాట్లాండు దేశపు దక్షిణాన, డమ్‌ఫ్రీస్ పట్టణానికి దగ్గరలో, కార్లావరోక్ అనే పల్లెప్రాంతం ఉన్నది. మూడు మూలల పాతకోట, దాని అవతల సాల్వే అనే సముద్రపు పాయ, కనుచూపుమేర బురదనేలలు, పచ్చికబయళ్లు. అక్టోబరు నెలలో ఒక తెల్లవారుజామున మేము అక్కడి గట్టుమీద చలికి వణుకుతూ నిలబడ్డాము. ఇంకా చీకటి విడిపోలేదు. ఉన్నట్టుండి బురదనేలలవైపు నుండి కుక్కపిల్లల గుంపు మొరిగినట్టు సందడి వినిపించింది. వేలాది బాతులు ఒక్కసారిగా లేచి, మా తలలమీదుగా ఎగిరి పచ్చికలో వాలాయి.

ఇవి బార్నకిల్ బాతులు. తెల్లని ముఖం, నల్లని మెడ, బూడిదరంగు వీపు. ఉత్తరధ్రువానికి దగ్గరగా ఉన్న స్వాల్బార్డ్ దీవుల్లో పుట్టి, సుమారు 3,000 కిలోమీటర్లు ఎగిరివచ్చి చలికాలం ఇక్కడ గడుపుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తిరిగి బయలుదేరుతాయి.

పూర్వం ఐరోపా ప్రజలకు వీటి గూళ్లు ఎక్కడా కనబడలేదు. అందుచేత సముద్రంలో కొట్టుకువచ్చే దుంగలకు అంటుకొని ఉండే గుల్లలలో నుండి ఇవి పుడతాయని నమ్మారు. గుడ్డు నుండి పుట్టలేదు గనుక ఇది మాంసం కాదని చెప్పి, లెంటు ఉపవాసదినాల్లో కూడ తిన్నవారున్నారు!

నిజానికి తల్లిబాతు తన రొమ్ము ఈకలు పీకి గూటిలో పరచి, నాలుగైదు గుడ్లు పెట్టి, దాదాపు 25 రోజులు పొదుగుతుంది. తండ్రి ప్రక్కనే కావలి కాస్తుంది. సాధారణంగా ఈ జంట జీవితాంతం విడిపోదు. పిల్లలు మూడు నెలలు నిండకముందే సముద్రం దాటాలి. దారి వాటికి తెలియదు. తలిదండ్రుల వెంట ఎగిరి నేర్చుకొంటాయి. ఇక్కడికి వచ్చిన తరువాత కూడ కుటుంబమంతా కలిసే మేస్తుంది. మేము చూస్తుండగానే ఒక పెద్దబాతు మెడ చాచి, తన పిల్లల మేతకు అడ్డువచ్చిన వాటిని తరిమివేసింది.

ఈ దృశ్యం మనుష్యుల చేతిలో దాదాపు లేకుండా పోయింది. వేటవలన 1940ల చివరికి స్వాల్బార్డ్ బాతులు సుమారు 300 మాత్రమే మిగిలాయి. 1950లలో వేటను నిషేధించారు. 1957లో కార్లావరోక్ రక్షిత ప్రాంతమయింది. క్రమంగా వాటి సంఖ్య 40,000 దాటింది. అయితే పశువులకోసం పెంచుకొన్న గడ్డిని ఇవి మేసివేస్తే రైతు ఊరుకొంటాడా? అతని బాధ న్యాయమైనదే. అందుకే వీటిని తరమకుండ మేయనిచ్చే రైతులకు ప్రభుత్వం సొమ్ము చెల్లించే ఏర్పాటు చేసింది. భారమంతా ఒక్కరిమీదే పడలేదు.

2021-22 చలికాలంలో బర్డ్ ఫ్లూ తెగులు వచ్చి, వీటిలో సుమారు మూడవవంతు చనిపోయాయి. మేము చూచినవి ఆ తెగులు తరువాత మిగిలినవి, వాటి పిల్లలు. అంత నష్టం జరిగినా, రావలసిన కాలానికి, రావలసిన చోటికే వచ్చాయి.

పక్షులు తమ కాలం ఎరుగునే గాని ప్రజలు దేవుని మార్గం ఎరుగకపోయిరని యిర్మీయా ప్రవక్త దుఃఖించాడు (8:7). ఆ గట్టుమీద మాకు ఆ మాట గుర్తుకు వచ్చింది. పిల్లలను సండేస్కూలుకు పంపించి, మేము ఇంటివద్దనే ఉండిపోయిన ఆదివారాలు కూడ గుర్తుకు వచ్చాయి. ఈ బాతులు పిల్లలకు దారి చెప్పి పంపవు. తామే ముందు ఎగురుతాయి. ప్రభువు మమ్మును క్షమించి, మా పిల్లలకు ముందుగా నడిచే కృప దయచేయును గాక.