పాతబండిలో క్రొత్తకాపురము

వేసవి సెలవులలో దేశము చూడవలెనని మావారు వేలములో నొక పాత అంబులెన్సును గొనిరి. నిలుచుటకు దగిన యెత్తు, కడుగుటకు వీలగు గోడలు, అలమరలు అన్నియు నందు సిద్ధముగనే యుండెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి రవాణాధికారుల యనుమతి పొంది, సైరనును, తిరుగు దీపమును తీసివేయించితిమి. ప్రాణవాయువు సిలిండరున్న చోట మంచినీళ్లపీపా నుంచితిమి.

రోగిని పరుండబెట్టు చోట పఱుపు వేయుటకు మాత్రము మాకు చేతులాడలేదు. ఎంద ఱచట ప్రాణములు విడిచిరో! అత్తగారు నవ్వి, "పోయినవారినే తలచెదవేమమ్మా? ఈ బండి యెందఱ నాసుపత్రికి జేర్చి బ్రతికించెనో!" యనిరి.

గోదావరి యొడ్డున తొలిరాత్రి వారే యచట ముందుగా పరుండిరి. మేమును ప్రక్కనే చేరి సుఖముగ నిదురించితిమి.