గోగోల్ పక్కన ఒక పహాణీ

రష్యన్ నవలల మీద పరిశోధన చేసేవాళ్లెవరైనా మీ ఎరుకలో ఉన్నారా? ఉంటే ముందు భువనగిరికి పంపండి. మాస్కో సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గోగోల్ రాసిన ‘మృతజీవులు’ ఉంది కదా, 1842 నాటిది, కొడవటిగంటి కుటుంబరావు తెలుగు చేశారు. అందులో చిచీకొవ్ అనే పెద్దమనిషి ఊరూరా తిరిగి చచ్చిపోయిన బానిస రైతులను కొంటుంటాడు. మళ్లీ జనాభా లెక్క తీసేదాకా కాగితం మీద వాళ్లు బతికున్నట్టే. వాళ్ల తలపన్ను దొర కట్టుకోవాల్సిందే. ఆ పేర్లు కుదువబెట్టి సర్కారు అప్పు లాగాలని ఇతని ఎత్తు. క్లాసులో దీన్ని హాస్యం కింద చెప్తారు. దున్నేది ఒకరు, పహాణీలో, అంటే ఊరి భూమి లెక్కలో, పేరు ఇంకొకరిది అయిన ఊళ్లలో పట్వారీ కలానికి జడిసి బతికినవాళ్లకు చెప్పి చూడండి, నవ్వు సగంలో ఆగుతుంది.

1861లో జార్ ఆ రైతులను విడిపించాడు, ఉట్టిగా కాదు. భూమి ధర కింద 49 ఏళ్లు వాయిదాలు కట్టమన్నాడు. 1905 తిరుగుబాటు వచ్చాక గానీ ఆ బాకీ రద్దు కాలేదు. ఈ లెక్క తెలియకపోతే టాల్‌స్టాయ్ దొరల పశ్చాత్తాపం ఉత్త వేదాంతంలా కనిపిస్తుంది. ‘పునరుత్థానం’లో నెహ్ల్యూదొవ్ భూమి వదులుకుంటానంటే రైతులు నమ్మరు, ఇందులో ఏదో మోసం ఉందంటారు. నన్నడిగితే ఆ నవల మొత్తానికీ నిజమైన ఘట్టం అదే.

మన దగ్గరా నెహ్ల్యూదొవ్ లాంటి దొరలు ఉండేవాళ్లు. బొల్లేపల్లి భూస్వామి ఇంట పుట్టిన రావి నారాయణరెడ్డి 1944లో ఈ భువనగిరిలోనే ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించి, వెట్టికి ఎదురు నిలిచిన సంఘానికి నాయకుడయ్యారు. పక్కనున్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు భూదానంగా 100 ఎకరాలు ఇచ్చారు. వినోబా గురువు గాంధీ. గాంధీ తన గురువుల్లో టాల్‌స్టాయ్‌నూ లెక్కపెట్టుకున్నాడు. చుట్టరికం అంత దగ్గరిది!

ఇక చెహోవ్ నాటకం ‘చెర్రీ తోట’, 1904. తాతతండ్రులు బానిసలుగా బతికిన ఎస్టేటునే లొపాహిన్ వేలంలో కొని, చెట్లు కొట్టించి, బంగళాలకు ప్లాట్లు వేస్తాడు. హైదరాబాదు నుంచి భువనగిరికి బస్సులో వస్తూ కిటికీలోంచి చూడండి, ఎన్ని వెంచర్లో! లొపాహిన్‌ను దుర్మార్గుడని తీర్పు చెప్పే విమర్శకులతో నాకు పేచీ. అప్పు వాయిదా దగ్గరపడుతున్నా కాఫీ తాగుతూ కూర్చున్న దొరసానికి ఎస్టేటు చేజారకుండా దారి చెప్పింది అతనొక్కడే.

ఒక్క మనవి. ఇంట్లో విశాలాంధ్ర, ప్రగతి, రాదుగ ప్రచురణల పాత రష్యన్ అనువాదాలుంటే తూకానికి వేయకండి. దగ్గరున్న గ్రంథాలయానికి ఇవ్వండి.