పెళ్లికి కొమ్మే ఎందుకు?

"అనాది కాలం నుంచి మన సంస్కృతిలో పసుపుకు విశిష్ట స్థానం ఉంది." బల్ల మీదున్న కాగితాల్లో సగానికి పైగా ఈ వాక్యంతోనే మొదలయ్యాయి. మాటలు కాస్త అటూ ఇటూ, అంతే. ప్రతిదాని పక్కనా మేడం ఎర్రసిరాతో ఒకటే ప్రశ్న వేశారు: ఎవరు చెప్పారు?

ఆర్మూర్ పట్టణంలో ఒక డిగ్రీ కాలేజీ అది. చరిత్ర చెప్పే ఈ మేడం ఆఖరి సంవత్సరం పిల్లలకు ఓ పని అప్పగించారు. ఇంట్లోనో పొలంలోనో వాడే సాంస్కృతిక వస్తువు ఒకదాన్ని తీసుకుని, దాని మీద 1500 పదాలు దాటకుండా పరిశోధన వ్యాసం రాయాలి. ఒకరిద్దరు నిర్మల్ బొమ్మ అన్నారు, ఒకబ్బాయి ఒగ్గు కథ డోలు అన్నాడు. తక్కినవాళ్లంతా పసుపే. ఫిబ్రవరి నెల, ఊరి చుట్టూ కల్లాల నిండా అదే ఆరుతోంది. కళ్ల ముందున్నది వదిలి ఎక్కడికి పోతారు?

చిక్కంతా అక్కడే. ఎరగని వస్తువు మీద రాయడం ఒకందుకు తేలిక, నాలుగు పుస్తకాలు తిరగేస్తే ఏదో ఒక దారి దొరుకుతుంది. పుట్టినప్పటి నుంచి ఒంటికి రాసుకున్నదీ, గడపకు పూసిందీ, రోజూ కూరలో వేసేదీ ఎదురుగా పెట్టుకుంటే అడగడానికి ఏమీ తోచదు. తెలిసిన సంగతులు పేర్చుకుంటూ పోతాం. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ఉపసంహారం అని బడిలో నేర్పిన అచ్చు ఎలాగూ ఉంది. పరీక్షలకు అది బాగానే పనికొస్తుంది, నేనూ దాంతోనే మార్కులు తెచ్చుకున్నాను. ఆ మూడింటిలో ప్రశ్నకు మాత్రం ఎక్కడా చోటు ఉండదు.

నేను ఆ తరగతి చూడడానికి వెళ్లిన రోజు మేడం ఓ పాత తగాదాతో పాఠం మొదలుపెట్టారు. 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకుల పనికి పేటెంటు ఇచ్చింది. గాయం మానడానికి పసుపు వాడే పద్ధతి మీద అది. తరగతి గొల్లుమంది.

"దెబ్బ తగిలితే పసుపు అద్దాలని మా నాయనమ్మకు కూడా తెలుసు మేడం" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి.

"తెలుసు సరే. కాగితం చూపించు" అన్నారామె.

ఆ పేటెంటును సవాలు చేసిన మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్ఐఆర్‌కు ఎదురైన చిక్కు అదే. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, పరాయి దేశంలో జనం వాడుతున్నారన్నంత మాత్రాన చాలదు. ఎక్కడో అచ్చులో ఉండాలి. రఘునాథ్ మషేల్కర్ నాయకత్వంలో ఆ సంస్థ 32 ఆధారాలు వెతికి పట్టుకెళ్లింది. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలు, వాటిలో కొన్ని నూరేళ్లు పైబడినవి. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో 1953లో వచ్చిన ఒక వ్యాసం కూడా ఉంది. 1997 ఆగస్టులో పేటెంటు రద్దయింది. కోట్లమంది అరచేతుల్లో ఉన్న సంగతిని నిలబెట్టింది, ఎప్పుడో ఎవరో ఓపికగా రాసిపెట్టిన పేజీలు.

ఈ కథ నాకు ముందే తెలుసు, కానీ వ్యాసం రాయడం నేర్పడానికి వాడొచ్చని తోచలేదు. నిజానికి ఇందులో మింగుడుపడనిది ఒకటుంది. నాయనమ్మ మాటకు విలువ లేదని ఒప్పుకున్నట్టే కదా? మేడంను అడిగాను. "అందుకే వీళ్లను నాయనమ్మల దగ్గరికి పంపిస్తున్నా. పేరు, ఊరు, తేదీ వేసి, ఆమె మాట ఆమె మాటగానే రాసుకొస్తే అదీ ఆధారమే అవుతుంది. రాసుకునే ముందు ఆమెను అడగాలి, అది వేరే సంగతి" అన్నారు.

నేను ఎక్కువసేపు కూర్చున్నది ఒక అమ్మాయి పక్కన. ఆమె మొదటి ప్రణాళికలో లేనిది లేదు. పంట, వైద్యం, కర్క్యుమిన్, పెళ్లి, బతుకమ్మ మీద పెట్టే పసుపు గౌరమ్మ, మల్లన్న బండారి, 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైన జాతీయ పసుపు బోర్డు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇక్కడ 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది గిట్టుబాటు ధర కోసం నిలబడ్డ రైతులేనన్నది కూడా. మేడం ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చారు. ఎన్నికల దగ్గర నాకు ప్రాణం ఉసూరుమంది. అది వేరే వ్యాసం, దానికి వస్తువు పసుపు కాదు, అన్ని పేర్లు పట్టడానికి వరసగా పేర్చిన ఈవీఎంలు అన్నారామె. నిజమే, ఎవరైనా రాస్తే బాగుండు.

కొట్టివేతలన్నీ అయ్యాక మిగిలింది ఒక్క ఎండు కొమ్ము. దాన్ని బల్ల మీద పెట్టి, అరగంట సేపు చూసి, కనబడింది మాత్రమే రాయమన్నారు. పొడవు, మందం, రంగు, విరిస్తే లోపలి ఛాయ, వాసన. పవిత్రం, శుభం లాంటి మాటలు పడకూడదు. అమెరికాలో జూల్స్ ప్రౌన్ అనే కళాచరిత్రకారుడు 1982లో రాసిన ఒక వ్యాసంలో చెప్పిన వరస ఇది. ముందు వర్ణన, తర్వాత వస్తువుతో మనకున్న సంబంధం నుంచి తేలేది, ఆ తర్వాతే ఊహ. మనం సాధారణంగా మూడోదానితో మొదలుపెడతాం. ఆ అమ్మాయి నోట్సులో నాలుగో వాక్యం ఇది: "ఒంటి నిండా ఉంగరాల్లా గణుపులు ఉన్నాయి." అప్పటికి దానికేమీ విలువ ఉన్నట్టు అనిపించలేదు.

ప్రశ్న మటుకు మార్కెట్లోంచి వచ్చింది. ఆమె తండ్రి రైతు. నిజామాబాద్ యార్డులో పసుపును కాడి అనీ గోళ అనీ వేరుచేస్తారు. కాడి అంటే కొమ్ము, గోళ అంటే గుండ్రటి తల్లి దుంప. కొమ్ముకు మామూలుగా నాలుగు డబ్బులు ఎక్కువే. పెళ్లిలో తాళికట్టే దారానికైనా, కంకణానికైనా కట్టేది కొమ్మే. మొక్క ఒకటే, మట్టి ఒకటే, ఉడికిన నీళ్లు ఒకటే. గోళకు పెళ్లిలో చోటెందుకు లేదు? ఈ ప్రశ్న వినగానే మేడం ముఖం వెలిగింది. చిన్నదిగా ఉంది, ఎవరినైనా అడగొచ్చు, జవాబు తప్పని తేలే అవకాశమూ ఉంది.

జవాబు మాత్రం ఆ అమ్మాయి అప్పటికే రాసేసింది. గోళ తల్లి, కొమ్ములు పిల్లలు, కాబట్టి కొమ్ము సంతానానికి గుర్తు అని. చదవడానికి ఎంత ముచ్చటగా ఉందో! "ఈ మాట ఎవరైనా అన్నారా, నువ్వే అనుకున్నావా?" అని మేడం అడిగితే తల వంచుకుంది.

మధ్యాహ్నం అందరం దగ్గరి ఊళ్లో ఒక కల్లానికి పోయాం. ఇదివరకు పెద్ద ఇనుప కడాయిల్లో ఉడికించేవాళ్లు, ఇప్పుడు ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఉడికించిన దుంపను పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పితే పొట్టూ వేర్లూ రాలి మెరుపు వస్తుంది. పక్కన నీడలో పచ్చి దుంప కుప్ప వేరుగా ఉంది. అది విత్తనానికట, ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్లు పడుతుంది. ఉడికిందంటే ఇక మొలకెత్తదు. వస్తువులకూ జీవితచరిత్ర ఉంటుందని, అవి ఎక్కడ సరుకవుతాయో ఎక్కడ సరుకు కాకుండా పోతాయో గమనించాలని ఇగోర్ కొపిటాఫ్ అనే మానవశాస్త్రవేత్త 1986లో రాశాడు. పసుపు విషయంలో ఆ దారులు చీలేది ఈ కల్లంలోనే. కొంత మళ్లీ భూమిలోకి, తక్కినది సాంగ్లీ మార్కెట్‌కో, వంటింటికో, పెళ్లి పందిరికో.

ఇంకో సంగతి అక్కడే తెలిసొచ్చింది. ఒకబ్బాయికి పంటను సాంస్కృతిక వస్తువు అనొచ్చా అన్న అనుమానం. జవాబు ఆ విత్తనపు కుప్పలోనే ఉంది. పసుపుకు పువ్వు పూసినా మామూలుగా గింజ కట్టదు. దాని కణాల్లో క్రోమోజోములు రెండేసి కాకుండా మూడేసి చొప్పున ఉండటంతో గొడ్డుపోయింది. మనం వాడే ఈ జాతి పసుపు అడవిలో సహజంగా పుట్టి పెరిగినట్టు కనబడదంటారు. ఎవరో ఒకరు దుంప దాచి, మరుసటి ఏడు నాటితేనే అది ఉంది. మనిషి చేయి లేకుండా నిలవని వస్తువు సాంస్కృతిక వస్తువు కాకపోతే ఇంకేది అవుతుంది? నాకైతే రాతి విగ్రహం కన్నా ఇదే పెద్ద ఉదాహరణ అనిపించింది.

కొమ్ములు ఏరుతున్న ఒక పెద్దామె దగ్గర ఆ అమ్మాయి కూర్చుంది. పేరు రాసుకోవచ్చా అని అడిగి, ఆమె సరేనన్నాక ప్రశ్న వేసింది. "అవ్వా, పెండ్లిల గోళ ఎందుకు కట్టరే?"

ఆమె నవ్వింది. "గోళకు దారం ఎట్ల నిలుస్తది బిడ్డా? జారిపోతది. కొమ్ముకైతే గణుపులుంటయ్, పట్టుకుంటది."

ఉదయం రాసుకున్న నాలుగో వాక్యం ఆ అమ్మాయికి గుర్తొచ్చినట్టుంది, నోట్సు గబగబా వెనక్కి తిప్పింది. సంతానం, తల్లి, పిల్లలు అంతా ఒక్క మాటతో ఎగిరిపోయింది. పసుపుకూ దారానికీ మధ్య ఉన్నది ముందుగా ముడి, అర్థాలు దాని మీద తర్వాత చేరి ఉండొచ్చు. ఇక్కడితో వ్యాసం అయిపోయిందనుకున్నాను.

మేడం అనుకోలేదు. సాయంత్రం కాలేజీ మెట్ల మీద కూర్చుని ప్రణాళిక మళ్లీ వేయించారు. మొదటి పేరాలో ప్రశ్న. రెండోదాంట్లో వర్ణన, గణుపులతో సహా. మూడోదాంట్లో అవ్వ మాట, ఊరూ తేదీతో. ఆ తర్వాత దానికి అడ్డం వచ్చేది ఏముందో వెతకమన్నారు. అమ్మాయి కాసేపు ఆలోచించి తానే పట్టుకుంది. పెళ్లికి ముందు ఇంట్లో పసుపు దంచుతారు, రోట్లో వేసేదీ కొమ్ములే. అక్కడ దారం లేదు, జారేదీ లేదు. అవ్వ చెప్పింది కట్టే కొమ్ముకు సరిపోతుంది కానీ దంచే కొమ్ముకు చాలదు.

"దీన్ని చివర్లో ఓ మూల పెట్టనా మేడం?"

"వద్దు. నాలుగో పేరా దీనిదే."

దుకాణంలో దంచడానికి కొనేవాళ్లు గోళ కూడా అడుగుతారా, చవకని తీసుకుంటారా అన్నది కనుక్కోవాలి. పెళ్లి చేయించే అయ్యగారిని అడగాలి. ఒకే రోజున కాడికీ గోళకూ పలికిన ధరలు యార్డు నుంచి తెచ్చుకోవాలి. ఈ-నామ్‌లో మొదట చేరిన యార్డుల్లో నిజామాబాద్ ఒకటి, కాబట్టి ధరల కాగితం దొరకడం కష్టం కాకపోవచ్చు. ఇవన్నీ కాగితం వెనక్కి తిప్పి రాసుకుంటూ, ఆమె పైన పాత శీర్షికను కొట్టేసింది. కొత్తది ఇంకా పెట్టలేదు. సోమవారం యార్డుకు పోయొచ్చాక పెడతానంది.