చేయని శిష్యరికం

బంజారా హిల్స్ లామకాన్‌లో చాయ్ తాగుతూ కార్లోస్ కాస్టనెడా పుస్తకం పూర్తి చేశా. డాన్ హువాన్ అనే యాకీ మాంత్రికుడి దగ్గర శిష్యరికం చేశానంటూ 1968లో రాసిన మొదటి పుస్తకం అది. ఆ వరసలో మూడోదానికి 1973లో యూసీఎల్‌ఏ పీహెచ్‌డీయే ఇచ్చింది. 1976లో రిచర్డ్ డి మిల్ ఆ పుస్తకాల్లో తేదీలు పోల్చి చూసి, పొంతన కుదరట్లేదన్నాడు. డాన్ హువాన్ నిజంగా ఉన్నాడని ఇప్పటికీ రుజువు లేదు.

మన యండమూరి కూడా 'తులసిదళం'లో చేతబడి గురించి రాసి తిట్లు తిన్నారు. కానీ దాన్ని నవల అనే చెప్పారు.

అక్కడే నాకు చాయ్ చేదెక్కింది. అమీర్‌పేట కోచింగ్‌లో కాపీ కొట్టిన ప్రాజెక్ట్‌ని రెజ్యూమెలో నేనే చేశానని రాసుకున్నా మరి!

రాత్రి ఆ లైన్ తీసేశా. రెజ్యూమె సగమైంది. ఇంటర్వ్యూ శుక్రవారమే. భయంగానే ఉంది, కానీ ఏం అడిగినా తడుముకోనక్కర్లేదు.