వేంగి సింహాసనం, మన పొలం గట్టు



ఈ వారం ధ్యానానికి ఆదికాండము 13వ అధ్యాయం చదవండి. అబ్రాము పశువుల కాపరులకూ లోతు పశువుల కాపరులకూ కలహం పుట్టింది. పెద్దవాడైన అబ్రాము ముందుగా తన వాటా ఏరుకోలేదు. నచ్చిన వైపు నువ్వే తీసుకో అని లోతుకు వదిలేశాడు. మొన్న పెదవేగి వెళ్లినప్పుడు ఈ భాగం నాకు కొత్తగా అర్థమైంది.

ఏలూరుకు ఉత్తరాన పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరే ఒకనాటి వేంగి, శాలంకాయనుల రాజధాని. ఇప్పుడు చుట్టూ పామాయిల్ తోటలు. తవ్వకాల్లో బయటపడిన ఇటుక కట్టడాలు, మట్టి దిబ్బలు తప్ప చూడడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా ఈ నేల కోసం ఎంత రక్తం పారిందో! 4వ శతాబ్దంలో సముద్రగుప్తుడు వేంగి రాజు హస్తివర్మను ఓడించాడు. 7వ శతాబ్దంలో రెండవ పులకేశి పిఠాపురం కోట పట్టుకున్నాడు. కొల్లేటి నీళ్లు రక్తంతో ఎర్రబడ్డాయని ఆయన కవి రవికీర్తి 634లో ఐహోళె శాసనంలో గొప్పగా రాశాడు. రాజు పేరు రాతిమీద నిలిచింది. ఆ నీళ్లలో పడినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. హేబెలు రక్తపు మొర విన్న దేవునికి మాత్రం వాళ్లందరూ తెలుసు.

పులకేశి ఈ దేశాన్ని తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడికి అప్పగించాడు. ఆ వంశమే తూర్పు చాళుక్యులు. అన్న ఇచ్చిన రాజ్యం కోసం తర్వాతి కాలంలో అన్నదమ్ములే పోరాడుకున్నారు. రెండవ అమ్మరాజు, దానార్ణవుడు ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. దానార్ణవుడు అమ్మరాజు మీదికి వెళ్లి సింహాసనం గెలిచాడు. ఏలింది సుమారు మూడేళ్లు. 973లో జటాచోడ భీముడు అతణ్ణి చంపి రాజ్యం తీసుకున్నాడు. 27 ఏళ్లపాటు ఆ ఇంటికి రాజ్యం లేకుండా పోయింది.

నాతో వచ్చిన సంఘ పెద్ద ఒకాయన ఇదంతా శ్రద్ధగా విన్నారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. మూడు సెంట్ల గట్టు మీద ఆయనకూ తమ్ముడికీ పదకొండేళ్లుగా కోర్టులో కేసు నడుస్తోంది. ఖర్చులకు ఇద్దరూ చెరో అరెకరం అమ్ముకున్నారు. రెండు ముక్కలూ కొన్నది పక్క ఊరాయన.

"మా జటాచోడుడు పక్క ఊళ్లోనే ఉన్నాడండి, అయ్యగారూ" అన్నారు దిబ్బ దిగుతూ. నవ్వుతూనే అన్నారు గానీ, బండెక్కేదాకా మళ్లీ మాట్లాడలేదు.

వచ్చే నెల తమ్ముడి కూతురి పెళ్లి. శుభలేఖ రాలేదు. పిలవకపోయినా వెళ్లాలా అని దారిలో అడిగారు. అర్పణ బలిపీఠం దగ్గరే ఉంచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట గుర్తుచేశాను. తప్పెవరిదో తేలాక వెళ్లమని ఆయన అనలేదు. ఆ పెద్దాయన ఇంకా ఏదీ నిర్ణయించుకోలేదు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ప్రియులారా, మన డెల్టాలో సెంటు భూమి విలువ ఎంతో అందరికీ తెలుసు. న్యాయంగా రావలసిన వాటా అడగడం పాపం కాదు. దాని కోసం ఎవరిని పోగొట్టుకుంటున్నామో ఆ లెక్క కూడా చూసుకుందాం. మీతో మాటల్లేని అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే, ఈ ఆదివారం ప్రభువు బల్లకు వచ్చేలోపు ఒక్క ఫోను చేయండి.

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.