జెనీవా దాకా పత్తి గోడు

పత్తిని మనం తెల్ల బంగారం అంటాం. పశ్చిమాఫ్రికా రైతులూ ఆ మాటే అంటారు. పేరే కాదు, దిగులూ ఒకటే... పత్తి ఇంటికొచ్చేసరికి ధర ఎంతుంటుందో!

బుర్కినాఫాసో, మాలి, బెనిన్, చాద్... ఈ నాలుగు దేశాల్లో లక్షల కుటుంబాలకు పత్తి డబ్బే ఆధారం. పిల్లల ఫీజైనా, జ్వరానికి మందులైనా అందులోంచే. వానమీదే సాగు, చేత్తోనే ఏరడం. ఖర్చు తక్కువే. అయినా 2000 తర్వాత గిట్టుబాటు కాలేదు. తప్పు వాళ్ల చేలో లేదు. అమెరికా తన పాతికవేల మంది పత్తి రైతులకు ఏటా వందల కోట్ల డాలర్ల సబ్సిడీ ఇచ్చేది. ధర పడినా వాళ్లకు నష్టం లేదు. కాబట్టి పంట తగ్గదు. సరుకు పోటెత్తి ధర ఇంకా పడుతుంది. ఆ దెబ్బ తగిలేది సబ్సిడీ లేనివాడికి!

మరి అడిగేదెవరు? ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల పుణ్యమా అని ఎంత పెద్ద దేశాన్నయినా నిలదీయొచ్చు. 2002లో బ్రెజిల్ అమెరికా మీద ఫిర్యాదు చేసింది. బెనిన్, చాద్, భారత్ కూడా మూడో పక్షంగా చేరాయి. 2005లో బ్రెజిల్ గెలిచింది. మరుసటి ఏడాది అమెరికా ఒక సబ్సిడీ పథకాన్ని ఎత్తేసింది. 2014లో రాజీకొచ్చి 30 కోట్ల డాలర్లు ఇచ్చింది... బ్రెజిల్‌కి! ఆఫ్రికా రైతుకు అందులో వాటా లేదు. అమెరికా సరుకుల మీద సుంకాలు పెంచుతానని బ్రెజిల్ బెదిరించగలదు. అదే మాట బెనిన్ అంటే ఎవరికి భయం?

అలాగని ఆ నాలుగు దేశాలూ ఊరుకోలేదు. పత్తి సబ్సిడీలు ఆపాలంటూ 2003లోనే కలిసికట్టుగా జెనీవాలో అర్జీ పెట్టాయి. అడిగిన చోటే మళ్లీ మళ్లీ అడిగాయి. చివరికి 2015లో నైరోబీ సమావేశం పత్తి ఎగుమతి సబ్సిడీలకు స్వస్తి చెప్పింది. సొంత రైతులకు దేశాలిచ్చే సాయం మీద మాత్రం ఇంకా ఒప్పందం కుదరలేదు.

వాణిజ్య ఒప్పందం రైతు చేతిలో డబ్బు పెట్టదు. అతని కష్టాన్ని పరాయి ఖజానా ముంచేయకుండా అడ్డుపడగలదు, అంతే. అదీ చిన్న సాయమేం కాదు. కాకపోతే ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి పన్నెండేళ్లు పట్టింది. రైతు లెక్కలో అది పన్నెండు పంటలు. సంతకాల కోసం అదను ఆగదుగా!